ఇంటి సర్వరు తాళం ఎవరి దగ్గరుంది?

బీరువా తాళంచెవి ఎక్కడుందో ఇంట్లో కనీసం ఇద్దరికి తెలిసుండాలి. గ్యాసు బుక్కు, రేషన్ కార్డు, ఇన్సూరెన్సు బాండ్లు, పిల్లల పుట్టిన తేదీ సర్టిఫికెట్లు, అన్నిటికీ ఇదే లెక్క. ఒక్కరికే తెలిసిన వస్తువు ఇంట్లో ఉన్నా ఇంటిది కాదు, ఆ ఒక్కరిదే. మన అమ్మలు, జేజులు ఈ మాట పైకి చెప్పకుండానే పాటించారు. ఇప్పుడు దీన్ని ఇంకో వస్తువుకు కూడా వర్తింపజేయాలని నేనంటాను. అది ఇంట్లో పెట్టుకునే సర్వరు, ఇంటి పేరుతో నడుపుకునే వెబ్‌సైటు.

సర్వరు మాటెత్తగానే "మాకెందుకమ్మా ఆ గోల" అని పక్కకు పోవద్దు. ఇది కంప్యూటర్ పాఠం కాదు, సంసారం మాటే. కంప్యూటర్ పిచ్చి ఉన్న మనిషి ఒకరున్న ఇంట్లో ఎప్పుడో ఒకప్పుడు ఒక చిన్న పెట్టె వచ్చి చేరుతుంది. ఫొటోలు, కాగితాలు, పాటలు అందులోకి పోతాయి. మంచి పనే, నేను దానికి అడ్డం కాదు. కానీ పెట్టె నట్టింట్లో ఉండి, దాని గుట్టు మాత్రం ఒక్కరి తలలో ఉండటం మంచిది కాదని నా గట్టి అభిప్రాయం.

మాది ప్రొద్దుటూరు. మా ఆయన పగలంతా బట్టల అంగట్లో లెక్కలు రాస్తారు. రాత్రి అన్నం తిని చెయ్యి కడుక్కున్నాక ఆయన లోకం వేరు. మొదట ఎవరో వాడి పక్కన పడేసిన ల్యాప్‌టాప్ ఒకటి తెచ్చి, టీవీ స్టాండు కింద పెట్టి, "ఇది మన సర్వరు" అన్నారు. కొన్నాళ్లకు దాని స్థానంలోకి అరచేతిలో పట్టే రాస్ప్‌బెర్రీ పై వచ్చింది. పిల్లలకు కంప్యూటర్ పని నేర్పడానికని ఇంగ్లండులో రూపొందించి 2012లో అమ్మకానికి తెచ్చిన చిన్న బోర్డు అది. ఇప్పుడు పెద్దవాళ్లే దాన్ని ఎక్కువ వాడుకుంటున్నట్టున్నారు. దానికి ఒక హార్డ్ డిస్కు తగిలించి గోడ అలమరలో పెట్టారు. మా అత్తమ్మ మొదటి రాత్రి చూసి, "ఏందిరా అది, తెల్లార్లూ మిణుగురు పురుగు మాదిరి మెరుస్తాంది, పండుకోదా?" అని అడిగింది. "అది పండుకుంటే మన ఫొటోలు కనపడవుమ్మా" అన్నారు ఆయన.

సర్వరంటే అడిగినవాళ్లకు అడిగింది తీసిచ్చే కంప్యూటరు, అంతే. మన ఫొటో గూగుల్‌లో ఉందంటే ఆ కంపెనీ కంప్యూటర్లో ఉందని అర్థం. ఇంటి సర్వర్లో ఉందంటే మన అలమరలో ఉందని అర్థం. అంగట్లో ఓళిగలు కొనుక్కోవడానికీ, ఇంట్లో చేసుకోవడానికీ ఉన్నంత తేడా. కొంటే సులువు. ఇంట్లో చేసుకుంటే ఏం వేశామో మనకు తెలుస్తుంది, కానీ పొయ్యి దగ్గర ఎవరో ఒకరు నిలబడాలి.

మా ఇంట్లో రాత్రిపూట ఫోన్లన్నీ వైఫైలో ఉన్నప్పుడు ఆ రోజు తీసిన ఫొటోలను ఇమ్మిచ్ అనే ప్రోగ్రాము తీసుకుని దాస్తుంది. మొహాలను బట్టి ఎవరి ఫొటోలు వాళ్లకు విడదీస్తుంది. పాతికేళ్ల కిందటి పెళ్లి ఫొటోలో ఉన్న అత్తమ్మనూ, ఇప్పటి అత్తమ్మనూ ఒకే మనిషని పట్టుకుంది. మా చిన్నదాన్నీ, దాని మేనత్తనూ మాత్రం ఒకరే అనుకుంది. చుట్టాలు కూడా అట్లే అనుకుంటారు కాబట్టి దాన్నేమీ అనలేం. కాగితాల స్కానులకు నెక్స్ట్‌క్లౌడ్, పాటలకూ పాత సినిమాలకూ జెల్లీఫిన్. ఇవన్నీ ఎవరైనా డబ్బు కట్టకుండా దించుకుని వాడుకోగల ప్రోగ్రాములు.

ఇది కాక ఇంటి పేరుతో ఒక వెబ్‌సైటు ఉంది. పేరుకు ఏడాదికి వెయ్యి రూపాయల లోపే అవుతుంది. అందులో అత్తమ్మ చెప్పిన వంటల కొలతలు, మామయ్య బతికున్నప్పుడు రాసుకున్న సేద్యం డైరీ పేజీలు, మా ఊరి దసరా గురించి ఆయన రాసిన నాలుగు మాటలు ఉంటాయి. దీన్ని అర్థం చేసుకోవడానికి నాకు మన పాత మిద్దె ఇండ్లే సాయపడ్డాయి. వెబ్‌సైటు అరుగు లాంటిది, దోవన పోయేవాళ్లెవరైనా కూర్చోవచ్చు. ఇంటి సర్వరు నట్టిల్లు, అయినవాళ్లే లోపలికి వస్తారు. పిల్లల ఫొటోలు, ఆస్పత్రి కాగితాలు అరుగు మీద ఆరబెట్టం కదా. ఏది ఎక్కడ పెట్టాలో తేల్చేది కంప్యూటర్ తెలివి కాదు, ఇల్లు నడిపిన తెలివి. అందుకే ఆ నిర్ణయంలో ఇల్లాలు ఉండి తీరాలి.

ఇంత తంటా ఎందుకు, ఉచితంగా ఇచ్చేవాళ్లు ఉన్నారు కదా అని మా పక్కింటామె అడిగింది. న్యాయమైన ప్రశ్నే. ఉచితంగా ఇచ్చేవాళ్లు ఎప్పుడు చాలిస్తారో మన చేతిలో ఉండదు, అదొక్కటే జవాబు. జియోసిటీస్‌లో లోకమంతా సొంత పేజీలు కట్టుకుంది, 2009లో యాహూ దాన్ని మూసేసింది. మనవాళ్లు మురిసిపోయిన ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న మూతబడింది. గూగుల్ ప్లస్ 2019లో, తెలుగువాళ్లు గంటల తరబడి వాదించుకున్న యాహూ గ్రూపులు 2020 డిసెంబరులో పోయాయి. గూగుల్ ఫొటోస్‌లో ఎన్ని ఫొటోలైనా పెట్టుకోవచ్చన్న సదుపాయం 2021 జూన్ 1తో ఆగింది. ఇప్పుడు మెయిలూ ఫొటోలూ అన్నీ కలిపి ఉచితంగా దొరికేది 15 జీబీలే. రెండేళ్లు వాడకుండా వదిలేసిన ఖాతాలను తీసేస్తామని గూగుల్ 2023లో చెప్పింది. వాళ్లు మోసం చేశారని నేననడం లేదు. వాళ్ల ఇల్లు, వాళ్ల ఇష్టం. అద్దె ఇంట్లో గోడకు మేకు కొట్టాలన్నా ఓనర్ని అడగాలి.

ఇంకోపక్క చూడండి. తెలుగువాళ్లు కొందరు కలిసి 1998లో మొదలుపెట్టిన ఈమాట పత్రిక సొంత పేరుతో, సొంత చోట ఈనాటికీ నడుస్తోంది. ఎన్ని కంపెనీలు వచ్చిపోయినా దాని పాత సంచికలు చదువుకోవచ్చు. చోటు మనదైతే సరిపోదు, దాన్ని చూసుకునే మనుషులు ఒకరికి నలుగురు ఉండాలి. ఆ పత్రిక నిలబడింది అందుకే అనుకుంటాను.

ఇవన్నీ ఎక్కడో జరిగిన సంగతులు. మా ఇంటికి తగిలిన సంగతి వేరే ఉంది. మా అత్తమ్మ పుట్టిల్లు కొండాపురం మండలం తాళ్ళప్రొద్దుటూరు. గండికోట రిజర్వాయరులో పూర్తిగా 26.85 టీఎంసీల నీళ్లు నిలపాలంటే ఆ ఊరు మునగాలి. 2020లో ఊరు ఖాళీ చేయించారు. పులివెందుల వైపు తోటలకు నీళ్లు రావాలన్నా ఆ రిజర్వాయరే ఆధారం. నా పుట్టిల్లు పులివెందుల. మా తమ్ముడికి అరటి, చీనీ తోటలున్నాయి. అంటే మా అత్తమ్మ పుట్టింటిని ముంచిన నీళ్లే నా పుట్టింటి చెట్లను బతికిస్తున్నాయి. ఈ సంగతి ఇంట్లో ఎవరమూ పైకి అనం. ఆమె కూడా అనదు. అరటిపండ్ల గెల వస్తే ముందు తనే ఒకటి తీసుకుని తింటుంది.

ఊరు వదిలేముందు జమ్మలమడుగులో ఉన్న పిన్నమ్మ, అంటే అత్తమ్మ చెల్లెలు, కొడుకును వెంటబెట్టుకుపోయి ఫోనుతో ఫొటోలు తీయించింది. వాకిలి, గడప, మసిపట్టిన వంటింటి గోడ, పాత రోలు, కల్లంలో వేపచెట్టు, గుడి. ఏదో పెళ్లికి తీసినట్టు కాదు, ఇంటి నుంచి ఇంటికి పోయి ఒక్కో తలుపునూ తీయించింది. ఆ పిల్లోడు ఫోను మార్చినప్పుడు సగం ఫొటోలు పోయాయి. మిగిలిన సగం మా ఆయన తెచ్చి ఇంటి సర్వర్లో పెట్టారు. నీళ్లు కొంచెం తగ్గినప్పుడు గోడలు కనపడతాయేమోనని ఎదురుచూసే మనిషికి ఆ ఫొటోలు ఎంత విలువైనవో లెక్క కట్టలేం. అత్తమ్మ మధ్యాహ్నం పూట నిద్ర పట్టకపోతే టీవీలో అవి పెట్టమంటుంది. "ఈ తలుపు మా చిన్నాయనోళ్లది, ఈ గూట్లో దీపం పెడతాంటిమి" అని ఒక్కొక్కటీ చెబుతుంది. ఆమె చెబుతుంటే ఫొటో కింద రాసి పెట్టడం నా పని. ఫొటో ఉండి అది ఎవరి తలుపో చెప్పేవాళ్లు లేకపోతే వట్టి తలుపే కదా.

నిలవడానికి రెండూ కావాలని మన జిల్లానే నేర్పుతుంది. ఎర్రగుంట్ల మండలం కలమళ్ళలో రేనాటి చోళరాజు ధనంజయుడు వేయించిన శాసనం ఉంది. క్రీస్తుశకం 575 ప్రాంతానిదని చెబుతారు, దొరికిన తెలుగు శాసనాల్లో అదే మొదటిదని పేరు. మా ఊరి నుంచి దగ్గరే. రాయి పధ్నాలుగు వందల ఏళ్లు నిలిచింది. కానీ ఆ లిపి తెలిసిన పండితులు వచ్చి చదివేదాకా ఊళ్లోవాళ్లకు అది గీతలున్న రాయే. వస్తువు చెడకుండా ఉండటం ఒక ఎత్తు, దాన్ని తెరిచి చదవగలగడం ఇంకో ఎత్తు.

సి.పి. బ్రౌన్ సంగతీ అంతే. ఆయన 1820లో కడపకు ఉద్యోగానికి వచ్చాడు. అక్కడ బంగళా కొని, సొంత డబ్బుతో పండితులను పెట్టి, తాటాకు ప్రతులు సేకరించాడు. సేకరించి పెట్టెలో పెట్టుకుని ఊరుకుని ఉంటే ఆయన పోయాక చెదలు తినేవి. ఒకే కావ్యానికి నాలుగైదు ప్రతులు తెప్పించి, పోల్చి చూసి, తప్పులు దిద్దించి, కొత్తగా రాయించాడు. వేమన పద్యాలు అచ్చు వేయించాడు. నిఘంటువు చేశాడు. తనకు మాత్రమే తెలిసిన గుట్టుగా ఏదీ ఉంచలేదు. ఆయన బంగళా ఉన్నచోట ఇప్పుడు ఆయన పేరుతో కడపలో గ్రంథాలయం, పరిశోధన కేంద్రం ఉన్నాయి. అది నిలబడటానికి జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు ఊరూరా తిరిగారు. ఒకరు దాచారు, ఇంకొకరు అందుకున్నారు. ఇద్దరిలో ఎవరు లేకపోయినా మనకు మిగిలేది తక్కువ.

ఇక ఇంటి సర్వరు నడిపే చాకిరీ గురించి చెప్పాలి. కరెంటు ఖర్చు పెద్దది కాదు. చిన్న బోర్డు, డిస్కు కలిసి 10 వాట్లు తింటాయనుకుంటే, రాత్రింబవళ్లు నడిచినా నెలకు 7 యూనిట్ల చిల్లర. పాత ల్యాప్‌టాప్ 20 వాట్లదైతే 14 యూనిట్లు. అసలు ఖర్చు మనిషి తీరికది. ఇంటర్నెట్టు ఇచ్చేవాళ్లు వందల ఇళ్లకు కలిపి బయటికి ఒకే చిరునామా చూపిస్తారట. అపార్ట్‌మెంటుకు ఒకే డోర్ నంబరు ఉన్నట్టు. లోపలి నుంచి బయటికి ఉత్తరం పోతుంది కానీ, బయటి నుంచి వచ్చే పోస్టుమ్యాన్‌కు మన వాకిలి ఏదో తెలీదు. అందుకని టెయిల్‌స్కేల్ అనే ప్రోగ్రాముతో మా వాళ్ల ఫోన్ల మధ్య లోపలి దోవ ఒకటి వేసుకున్నారు. పులివెందులలో మా అమ్మ, జమ్మలమడుగులో పిన్నమ్మ ఆ దోవనే వచ్చి ఫొటోలు చూస్తారు. ఈ దోవ వేయడానికి మా ఆయనకు ఎన్ని ఆదివారాలు పట్టిందో నాకు గుర్తుంది. ఆ ఆదివారాల్లో పిల్లల జుట్లకు నూనె ఎవరు రాశారో కూడా గుర్తుంది.

ఇక్కడ ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. సర్వరు పెట్టింది రాత్రిపూట సరదా ఉన్న మనిషి. అది చెడిపోయేదీ, దాని మీద ఫిర్యాదులు వచ్చేదీ మాత్రం పగలు. "అమ్మా, పాట రాలేదు", "అక్కా, ఫొటోలు తెరుచుకోలేదు", "ఏమ్మా, టీవీలో మా ఊరు కనపడలేదే". అంగట్లో ఉన్న మనిషికి ఫోను చేస్తే బేరం మధ్యలో ఉంటారు. ఇంట్లో ఉండేది నేను. అంటే పగటి ఉద్యోగం నాది, దానికి తాళాలు మాత్రం ఆయన దగ్గర. "నువ్వేమీ ముట్టుకోవాకు, నేనొచ్చి చూస్తా" అనేది ఆయన మాట. ప్రేమగానే అంటారు. కానీ వంటింట్లో పనిచేసే మనిషిని పొయ్యి ముట్టుకోవద్దన్నట్టు ఉంటుంది అది.

నిరుడు వానాకాలంలో ఆయనకు డెంగీ వచ్చింది. ప్లేట్‌లెట్లు తగ్గాయని ఆస్పత్రిలో చేర్చుకున్నారు. రెండో రోజు రాత్రి మా వీధిలో కరెంటు పోయి చాలాసేపు రాలేదు, ఇన్వర్టరు కూడా దిగిపోయింది. కరెంటు వచ్చాక ఫ్యాను తిరిగింది, ఫ్రిజ్జు లేచింది, ఆ పెట్టె మాత్రం లేవలేదు. అదే పొద్దున ఆస్పత్రిలో ఇన్సూరెన్సు పాలసీ కాగితం అడిగారు. దాని స్కాను నెక్స్ట్‌క్లౌడ్‌లో ఉంది. పులివెందుల నుంచి మా తమ్ముడు పరిగెత్తుకొచ్చి, డిస్కు ఊడదీసి తన ల్యాప్‌టాప్‌కు తగిలించాడు. రహస్య పదం అడిగింది. దొంగలు ఎత్తుకుపోయినా చదవలేకుండా డిస్కుకు మా ఆయన తాళం వేసి ఉంచారు. "దొంగకే కాదక్కా, పెండ్లానికి గుడక రాకుండా వేసినాడే బావ" అన్నాడు మా తమ్ముడు. నూటనాలుగు జ్వరంలో ఉన్న మనిషిని లేపి పాస్‌వర్డు అడగడానికి నాకు నోరు రాలేదు. ఇంటికొచ్చి బీరువాలో నేను పెట్టే నీలం అట్ట ఫైలు తీస్తే అసలు కాగితం ఉంది. అది పట్టుకుపోయి ఇచ్చాం.

ఆయన కోలుకుని ఇంటికొచ్చాక ఐదు నిమిషాల్లో పెట్టె లేచింది. ఐదు నిమిషాల పనే! ఆ ఐదు నిమిషాల పని ఒక మనిషి తలలోనే ఉండటం వల్ల వారం పాటు తాళ్ళప్రొద్దుటూరు ఇంకోసారి మునిగిపోయింది. ఆ వారం అత్తమ్మ టీవీ వైపు చూడలేదు. కొడుకు ఆస్పత్రిలో ఉంటే ఆమెకు ఫొటోల మీద ధ్యాసే లేదు, అది నిజమే. కానీ నాకు మాత్రం ఒక ప్రశ్న వదల్లేదు. జ్వరం కాక ఇంకేదైనా అయ్యుంటే ఏమిటి గతి? రాసుకోవడానికి బాగోలేదు కానీ, ఆలోచించకుండా ఉండటం ఇంకా బాగోదు.

పెద్ద కంపెనీలు కూడా దీని గురించి ఆలోచించాయి. మనం కొన్ని నెలలు ఖాతా తెరవకపోతే మనం చెప్పినవాళ్లకు కబురు పోయే ఏర్పాటు గూగుల్‌లో ఉంది. ఆపిల్ 2021లో వారసుడి పేరు నమోదు చేసుకునే పద్ధతి తెచ్చింది. ఇంటి సర్వరుకు అలాంటిది ఎవరూ చేసిపెట్టరు, మనమే చేసుకోవాలి. 2010లో అమెరికాలో ఎబెన్ మోగ్లెన్ అనే న్యాయశాస్త్ర ప్రొఫెసరు, మామూలు మనుషుల ఇళ్లలో సర్వరు ఉండాలని ఫ్రీడమ్‌బాక్స్ ఆలోచన చెప్పాడు. దాన్ని తయారుచేసే పనిలో ముందున్న సునీల్ మోహన్ అడప మన తెలుగువాడే. కంప్యూటర్ చదువు చదవనివాళ్లు కూడా నాలుగు బటన్లు నొక్కి నడుపుకోగలగాలన్నది ఆ పని వెనక ఉద్దేశం. నేను చెప్పేదీ అదే. ఇంట్లో ఇంకొకరు నడపలేని సర్వరు ఎంత గొప్పగా నడిచినా సగం పనే అయినట్టు.

మా ఇంట్లో ఇప్పుడు ఒక నోటుబుక్కు ఉంది. రెండు వందల పేజీల గీతల పుస్తకం, నీలం అట్ట ఫైలు పక్కనే ఉంటుంది. ఆయన చెబుతుంటే నేను రాశాను. ఆయన రాసి ఉంటే నాకు అర్థమయ్యేది కాదు. నాకు అర్థమైన మాటల్లోనే, తెలుగులోనే రాశాను. పెట్టె ఎట్లా ఆపాలి, ఎట్లా లేపాలి. ఏ వైరు ఎక్కడిది, ఒక్కోదానికీ రంగు దారం కట్టాను. వెబ్‌సైటు పేరు ఎవరి దగ్గర కొన్నాం, ఏటా ఏ తేదీకి డబ్బు కట్టాలి, కట్టకపోతే ఏమవుతుంది. కాపీలు ఎక్కడెక్కడ ఉన్నాయి. చిక్కొస్తే ఎవరికి ఫోను చెయ్యాలి. పాస్‌వర్డులు వేరే కవర్లో, అంటించి, బీరువా లోపలి అరలో.

ఈ కవరు దగ్గర మాకు వాదన జరిగింది. "పాస్‌వర్డు కాగితం మీద రాస్తే ఇంక భద్రం యాడుంటుంది?" అని ఆయన పాయింటు. కంప్యూటర్ తెలిసినవాళ్లంతా ఇదే అంటారు కాబోలు. బంగారానికి పేరుపడిన ఊళ్లో కాపురం ఉన్నాం, ఉన్న నాలుగు సొమ్ములు ఆ బీరువాలోనే ఉన్నాయి. సొమ్ములకు పనికొచ్చిన బీరువా పాస్‌వర్డుకు పనికిరాదా అని నేను. ప్రపంచంలో ఎక్కడో ఉండే దొంగ మన బీరువా తెరవడానికి ప్రొద్దుటూరు రాడు. మన ఇంటికి వచ్చే దొంగకు ఆ కవరుతో పని లేదు. చివరికి ఒప్పుకున్నారు.

నోటుబుక్కులో నేను పట్టుబట్టి రాయించిన చివరి పేజీ ఒకటుంది. ఇదంతా మూసేయాలంటే ఎట్లా అనేది. నాకు ఓపిక లేకపోతే, లేదా మా పిల్లలకు వద్దనిపిస్తే, ఫొటోలన్నీ మామూలు డిస్కులోకి ఎట్లా దించుకోవాలి, వెబ్‌సైటు ఎట్లా ఆపాలి. కొంచెం నొచ్చుకున్నారు. కానీ ఒక పని మొదలుపెట్టే మనిషి, అది తాను లేకుండా ఆగిపోయే రోజున వెనకవాళ్లు అవస్థ పడకుండా దారి చూపించాలి. ఇంటివాళ్లకు ఇవ్వగల పెద్ద మర్యాద అదేనని నా నమ్మకం. సరదా తనదే అయినా, సరదా మిగిల్చిపోయే బరువు ఇంటిది.

కాపీల సంగతి. ఇమ్మిచ్ తయారుచేసేవాళ్లే తమ ప్రోగ్రాము ఒక్కదాన్నే నమ్ముకోవద్దనీ, మూడు కాపీలు ఉంచుకోమనీ, అవి రెండు రకాల వాటి మీద ఉండాలనీ, ఒకటి ఇల్లు దాటి ఉండాలనీ చెబుతారు. మా మూడు ఊళ్లు దానికి సరిగ్గా కుదిరాయి. అసలుది ప్రొద్దుటూరులో. రెండు డిస్కులు వంతులవారీగా పులివెందులకు తిరుగుతాయి. నేను పుట్టింటికి పోయేటప్పుడు బస్సులో సంచిలో కొత్త కాపీ పోతుంది, వచ్చేటప్పుడు పాత డిస్కు అరటిపండ్లతో కలిసి వస్తుంది. తాళ్ళప్రొద్దుటూరు ఫొటోలు మాత్రం అచ్చు వేయించి, కింద పేర్లు రాసి, ఆల్బం కట్టించి జమ్మలమడుగులో పిన్నమ్మకు ఇచ్చాం. ఆ ఆల్బం తెరవడానికి కరెంటు అక్కర్లేదు, పాస్‌వర్డు అక్కర్లేదు. కంటి అద్దాలు చాలు.

కాపీ ఉందంటే సరిపోదు, తెరుచుకుంటుందో లేదో చూడాలి. బ్యాళ్లు డబ్బాలో పోసి మూత పెట్టి ఏడాది తర్వాత తీస్తే పురుగు కనపడుతుంది. మధ్యమధ్య ఎండబెట్టి చెరిగి చూసుకుంటాం కదా. అట్లే మూడు నెలలకొకసారి నేనే, ఆయన చెయ్యి వేయకుండా, నోటుబుక్కు చూసి పెట్టె ఆపి లేపుతాను, డిస్కు తెరిచి నాలుగు ఫొటోలు, రెండు కాగితాలు చూస్తాను. ఆయన పక్కన కూర్చుని నోరు మూసుకోవాలి. ఆ పని ఆయనకు కష్టంగానే ఉంటుంది. నేను ఎక్కడ ఆగిపోతే అక్కడ నోటుబుక్కులో మాట మార్చాలి.

ఇదంతా చదివి ప్రతి ఇంట్లో సర్వరు పెట్టుకోమని నేను చెబుతున్నాననుకోవద్దు. ఇంట్లో ఒక్కరికే ఆసక్తి ఉండి, రెండో మనిషి నేర్చుకోవడానికి వీలే లేకపోతే, నెలకింత కట్టి పెద్ద కంపెనీలోనే పెట్టుకోవడం మేలు. దాని పాస్‌వర్డు బీరువాలో పెట్టుకుని, ముఖ్యమైనవి ఒక డిస్కులో దించుకుంటే చాలు. అందులో చిన్నతనం ఏమీ లేదు. ఊరగాయ పెట్టే తీరికలేక కొనుక్కుంటే ఆ ఇల్లు ఇల్లు కాకుండా పోతుందా? కానీ పెట్టుకున్నవాళ్లు మాత్రం ఒకటి గుర్తుంచుకోవాలి. అందులో ఉన్నది మీ ఒక్కరి కష్టమే కావచ్చు, మీ ఒక్కరి వస్తువు కాదు. అందులో మీ అమ్మ పుట్టిల్లు ఉంది, మీ పిల్లల మొదటి అడుగు ఉంది, మీరు మంచాన పడితే అవసరమయ్యే కాగితం ఉంది.

ఆడవాళ్లకు ఒక మాట. అది మనకు తెలియని విద్య అని దూరం పెట్టొద్దు. చీటీల లెక్క, పాల లెక్క, పండగ ఖర్చు, అత్తింటి చుట్టరికాలు అన్నీ తలలో పెట్టుకుని నడిపే మనకు నాలుగు వైర్లు, పది పాస్‌వర్డులు ఒక లెక్కా? ఈ ఆదివారం టీ ఇచ్చి పక్కన కూర్చోండి. "నువ్వు ఊళ్లో లేకపోతే దీన్ని నేనెట్లా తెరవాలి?" అని ఒక్క ప్రశ్న అడగండి. చేతిలో పెన్నూ పుస్తకమూ పెట్టుకునే అడగండి. ఆయన "నేనున్నా కదా" అంటే లేవొద్దు. మొదటి పేజీ మీద తేదీ వేసి, "చెప్పు, రాసుకుంటా" అనండి.